యుద్ధ ఛాయాచిత్రాల్లో స్థలాన్ని, వివరాలను గుర్తించడం

4.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
- ఫోటోకూ, దాని కింద ఉన్న క్యాప్షన్‌కూ మధ్య తేడాను వివరించగలుగుతారు.
- కొండ, నది, వంతెన, నీడ, దుస్తులు వంటి ఆధారాలతో ఒక ఫోటో స్థలాన్నీ తేదీనీ పరీక్షించగలుగుతారు.
- 1948 సెప్టెంబరు నాటి హైదరాబాద్ సైనిక చర్య ఫోటోలను చారిత్రక ఆధారాలుగా ఎలా వాడాలో తెలుసుకుంటారు.
- మీ ప్రాంతంలోని పాత ఫోటోలకు ఇదే పద్ధతిని వర్తింపజేయగలుగుతారు.

4.1 పరిచయం

శాసనాలను, ఫర్మానాలను, ఉత్తరాలను చరిత్రకారులు ఎలా పరీక్షిస్తారో గత భాగాల్లో చదివారు. రాసినవారెవరు, ఎప్పుడు రాశారు, ఎవరి కోసం రాశారు అనే ప్రశ్నలు మీకు ఇప్పటికే పరిచయం. అయితే ఫోటో చేతికి రాగానే చాలామంది ఈ ప్రశ్నలను పక్కన పెడతారు. "కళ్లకు కనిపిస్తూనే ఉంది కదా, ఇంక అడిగేదేముంది?" అనుకుంటారు.

అడగవలసింది చాలా ఉంది. ఒక ఫోటోలో ట్యాంకు, దాని పక్కన నలుగురు సైనికులు, వెనక ఒక గుట్ట ఉన్నాయనుకోండి. కెమెరా చూపించింది అంతే. అది ఏ ఊరు, ఏ రోజు, ఆ సైనికులు ఎవరివైపు అన్న సంగతులు ఫోటోలో ఉండవు, కింద రాసిన వాక్యంలో ఉంటాయి. ఆ వాక్యాన్ని ఫోటో తీసినవారే రాసి ఉండవచ్చు. పత్రికా కార్యాలయంలో కూర్చున్న మరొకరో, ఏభై ఏళ్ల తరువాత ఆల్బమ్ తిరగేసిన ఇంకొకరో కూడా రాసి ఉండవచ్చు. అందువల్ల ఈ భాగమంతటా ఒక సూత్రాన్ని గుర్తుంచుకోండి: క్యాప్షన్ ఒక వాంగ్మూలం మాత్రమే. దాన్ని నమ్మే ముందు ఫోటోలోని నేలను రెండో సాక్షిగా పిలిచి విచారించాలి.

4.2 క్యాప్షన్‌ను ఎందుకు పరీక్షించాలి?

యుద్ధ ఫోటోల చరిత్ర మొదలైనప్పటి నుంచే ఈ సమస్య ఉంది. తొలినాళ్ల కెమెరాలు బరువైనవి. గాజు పలకల మీద రసాయనం పూసి, కొన్ని క్షణాల పాటు వెలుతురు పడనిచ్చి చిత్రం తీసేవారు. కదిలే గుర్రాన్నీ, పరుగెత్తే సైనికుడినీ వాటితో పట్టడం కుదరదు. అందుకే పోరు ముగిసిన తరువాతి దృశ్యాలనే ఎక్కువగా తీశారు. కొన్నిసార్లు ఆ దృశ్యాలను "సర్దారు" కూడా.

మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. లక్నోలోని సికందర్ బాగ్ వద్ద 1857 నవంబరులో భీకర పోరు జరిగింది. ఫెలిచె బియాటో అనే ఫోటోగ్రాఫరు లక్నోకు వచ్చింది 1858లో. ఆయన తీసిన ప్రసిద్ధ చిత్రంలో శిథిల భవనం ముందు ఎముకలు చెల్లాచెదురుగా కనిపిస్తాయి. పోరు జరిగిన నెలల తరువాత ఆ అస్థిపంజరాలు అలా కనబడేలా చేశారన్నది పరిశోధకుల అభిప్రాయం. భవనం నిజమైనదే, పోరు జరిగిన మాటా నిజమే. కానీ ఆ ఫోటోను "పోరు ముగిసిన నాటి దృశ్యం" అనుకుంటే తప్పులో కాలేసినట్లే.

అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలైలో జరిగిన గెటిస్‌బర్గ్ యుద్ధం మరో పాఠం నేర్పుతుంది. అలెగ్జాండర్ గార్డ్‌నర్ బృందం అక్కడ చాలా ఫోటోలు తీసింది. రాతి గోడ పక్కన పడి ఉన్న ఒక యువ సైనికుడి చిత్రం కింద "తిరుగుబాటు సేన గురికాడి స్థావరం" అనే అర్థం వచ్చే క్యాప్షన్ ఉంది. విలియం ఫ్రాసానిటో అనే చరిత్రకారుడు ఆ ఫోటోలు పట్టుకుని యుద్ధభూమిలో తిరిగి, ప్రతి బండరాయినీ పోల్చి చూసి, 1975లో ఒక పుస్తకం ప్రచురించాడు. అదే మృతదేహం అంతకుముందు కొంత దూరంలోని వాలు మీద తీసిన ఫోటోల్లోనూ ఉందని చూపించాడు. అంటే, దేహాన్ని మోసుకొచ్చి రాతి గోడ పక్కన పెట్టి మళ్లీ ఫోటో తీశారు. పక్కన ఆనించిన తుపాకీ కూడా గురికాళ్లు వాడే రకం కాదని తేలింది.

ఇంకొక సంగతి మరింత ముఖ్యమైనది. గార్డ్‌నర్ ప్రచురించిన రెండు ఫోటోల్లో ఉన్నవి ఒకే చోట పడి ఉన్న అవే మృతదేహాలు. కెమెరాను ఒకసారి ఇటు నుంచి, మరోసారి అటు నుంచి పెట్టారు. ఒకదానితో వచ్చిన వివరణ వారిని ఒక పక్షం సైనికులన్నది, రెండోదానితో వచ్చిన వివరణ ఎదుటి పక్షం వారన్నది. చనిపోయినవారు ఎవరివారో ఆ వివరణల్లో ఒకటి తప్పక తప్పు చెబుతున్నది. ఈ ఉదాహరణ మనకు 4.5లో మళ్లీ అవసరమవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
(అ) 19వ శతాబ్దపు యుద్ధ ఫోటోల్లో కదిలే దృశ్యాలు ఎందుకు అరుదు?
(ఆ) సికందర్ బాగ్ ఫోటోలో ఏది నిజం, ఏది అనుమానించదగినది? రెండు వాక్యాల్లో రాయండి.

4.3 నేల చెప్పే సాక్ష్యం

మనుషులు కదులుతారు, వాహనాలు వెళ్లిపోతాయి. కొండల వరుస, నది వంపు, పెద్ద బండలు, పాత కట్టడాలు ఉన్నచోటే ఉంటాయి. అందువల్ల స్థలాన్ని గుర్తించేటప్పుడు ముందుభాగంలోని మనుషులను కాసేపు మరచిపోయి, వెనకభాగాన్ని చూడాలి.

స్పెయిన్ అంతర్యుద్ధంలో రాబర్ట్ కాపా 1936 సెప్టెంబరులో తీసిన "నేలకొరుగుతున్న సైనికుడు" ప్రపంచంలో ఎక్కువగా చర్చకు వచ్చిన యుద్ధ ఫోటోల్లో ఒకటి. తూటా తగిలి వెనక్కి పడిపోతున్న సైనికుడు అందులో కనిపిస్తాడు. అది కోర్డోబా సమీపంలోని సెర్రో మురియానో వద్ద తీసిందని దశాబ్దాలపాటు అనుకున్నారు. స్పెయిన్ ఆచార్యుడు హోసె మాన్యుయెల్ సుస్పెరెగి ఆ ఒక్క ఫోటోనే కాక, అదే వరుసలో తీసిన ఇతర ఫోటోలనూ పరిశీలించాడు. వాటిలో దూరపు కొండల వరుస స్పష్టంగా ఉంది. ఆ చిత్రాలను చుట్టుపక్కల ఊళ్లవారికి పంపి "ఈ కొండలు మీ ఊరివేనా?" అని అడిగాడు. ఎస్పెహో అనే ఊరి నుంచి అవునని జవాబు వచ్చింది. అక్కడి ఒక ఉపాధ్యాయుడు తరగతిలో ఆ ఫోటో చూపించగా ఒక విద్యార్థి వెంటనే గుర్తుపట్టాడట. ఎస్పెహో, సెర్రో మురియానోకు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ తేదీల్లో అక్కడ పోరు జరగలేదని కూడా 2009లో ప్రచురించిన పరిశోధనలో సుస్పెరెగి వాదించాడు. దాంతో ఆ ఫోటో అసలు పోరులో తీసిందేనా, లేక అభినయించి తీయించిందా అన్న చర్చ కొత్త మలుపు తిరిగింది.

ఇందులో మీరు గమనించవలసినవి రెండు. మొదటిది, ఒకే ఫోటోను విడిగా చూడకూడదు, అదే రోజు, అదే చేతితో తీసిన మిగతా ఫోటోలతో కలిపి చూడాలి. రెండోది, పెద్ద గ్రంథాలయాల్లో తెగని చిక్కును ఆ కొండలను రోజూ చూసే ఊరి విద్యార్థి విప్పాడు. స్థానికుడి కంటికి చరిత్రలో విలువ ఉంది.

దిక్కులు తెలుసుకోవడం కూడా ఇందులో భాగమే. మంచిర్యాల గోదావరికి ఉత్తరపు గట్టున, రామగుండం దక్షిణపు గట్టు వైపున ఉన్నాయి. నది స్థూలంగా పడమటి నుంచి తూర్పుకు పారుతుంది. మీరు రామగుండం వైపు గట్టున నిలబడి మంచిర్యాల కేసి చూస్తే నీరు మీ ఎడమ నుంచి కుడికి పోవాలి. అదే చోట తీసిందని చెప్పే ఫోటోలో ప్రవాహం కుడి నుంచి ఎడమకు కనిపిస్తే, కెమెరా అవతలి గట్టున అయినా ఉండాలి, ఫోటోను అచ్చులో తిరగేసి అయినా ఉండాలి. తిరగేసిన ఫోటోను పట్టుకోవడం తేలిక. బోర్డుల మీద అక్షరాలు అద్దంలో చూసినట్లు తలకిందులవుతాయి. సైనికుల పతకాల పట్టీలు సాధారణంగా ఎడమ ఛాతీ మీద ఉంటాయి, తిరగేస్తే కుడివైపుకు వస్తాయి.

4.4 తేదీని పరీక్షించడం

తేదీ విషయంలో నేరుగా "ఇది ఫలానా రోజు" అని చెప్పగలగడం అరుదు. "ఇంతకు ముందుది కాదు", "ఇంతకు తరువాతది కాదు" అని రెండువైపులా హద్దులు గీయడం సాధ్యం. మన ప్రాంతం నుంచే ఉదాహరణలు తీసుకుందాం.

(అ) సంస్థల పేర్లు: రైలు పెట్టె మీద నిజాం స్టేట్ రైల్వే గుర్తు ఉంటే ఆ పెట్టెకు రంగు వేసింది 1951 నవంబరుకు ముందే కావాలి, ఎందుకంటే అప్పుడు ఆ సంస్థ సెంట్రల్ రైల్వేలో కలిసింది. దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది 1966లో.

(ఆ) నిర్మాణాలు: కాజీపేట–బల్లార్షా మార్గంలో విద్యుత్ తీగలు వచ్చింది 1980ల దశకంలో. "1948లో మంచిర్యాల స్టేషన్" అన్న ఫోటోలో పట్టాల మీద విద్యుత్ తీగలు కనిపిస్తే క్యాప్షన్ తప్పని వెంటనే చెప్పవచ్చు. "1948లో గోదావరిఖని బొగ్గుబాయి" అన్నా అంతే. అక్కడి గనులు 1960 ప్రాంతంలో మొదలైనవి.

(ఇ) పాలనా విభాగాలు: మంచిర్యాల జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. అంతకుముందు అది ఆదిలాబాద్ జిల్లాలో భాగం. పాత ఫోటో కింద "మంచిర్యాల జిల్లా" అని ఉంటే ఫోటో అబద్ధమని కాదు, క్యాప్షన్ మాత్రం 2016 తరువాత రాసింది. ఫోటో వయసు, క్యాప్షన్ వయసు వేరువేరని ఈ ఉదాహరణ చూపుతుంది.

(ఈ) రుతువు: సెప్టెంబరు మధ్యలో తెలంగాణ పల్లెలు పచ్చగా ఉంటాయి, వాగులు పారుతుంటాయి. మోదుగు పూసేది శివరాత్రి, హోలీ రోజుల్లో. ఆకులు రాలిన అడవి, ఎర్రగా పూసిన మోదుగు, ఇసుక తేలిన వాగు కనిపించే ఫోటో సెప్టెంబరుది అని ఎవరైనా అంటే అనుమానించాలి.

(ఉ) నీడ: ఉదయం నీడలు పడమటికి, సాయంత్రం తూర్పుకు పడతాయి. మంచిర్యాల అక్షాంశంలో ఏడాదిలో ఎక్కువ కాలం మధ్యాహ్నపు నీడ ఉత్తరానికి పడుతుంది. సుమారు మే మధ్య నుంచి జూలై ఆఖరు వరకు మాత్రం దక్షిణానికి వాలుతుంది. స్థలం, దిక్కు తెలిస్తే నీడను బట్టి వేళను అంచనా వేయవచ్చు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
(అ) ఒక ఫోటోకు తేదీ "హద్దులు" గీయడం అంటే ఏమిటి?
(ఆ) మీ ఇంట్లోని ఒక పాత ఫోటో తీసుకోండి. అది ఏ సంవత్సరానికి ముందుది కాదో, ఏ సంవత్సరానికి తరువాతది కాదో రెండు ఆధారాలతో రాయండి.

4.5 హైదరాబాద్, 1948 సెప్టెంబరు: ఒక అభ్యాసం

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి ప్రవేశించింది. ప్రభుత్వం దాన్ని "పోలీసు చర్య" అన్నది, సైనిక వర్గాల్లో "ఆపరేషన్ పోలో" అన్నారు. ప్రధాన దళం మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి నాయకత్వంలో పడమట షోలాపూర్ నుంచి నల్దుర్గ్ మీదుగా కదిలింది. మరో దళం తూర్పున విజయవాడ నుంచి మునగాల, సూర్యాపేట మార్గంలో వచ్చింది. 17న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న సంస్థాన సేనల అధిపతి మేజర్ జనరల్ సయ్యద్ అహ్మద్ ఎల్ ఎద్రూస్ చౌదరికి లొంగిపోయాడు.

ఈ కాలక్రమాన్ని చేతిలో ఉంచుకుని కొన్ని ఫోటోలను పరీక్షిద్దాం.

మొదటిది, ఎద్రూస్, చౌదరి ఎదురెదురుగా ఉన్న లొంగుబాటు ఫోటో. ఇది సికింద్రాబాద్‌లో తీసింది. మనం సెప్టెంబరు 17ను గుర్తుంచుకుంటాం కాబట్టి దీని కింద కూడా 17 అని రాసేయడం సులభం. సరైన తేదీ 18. ఒక్క రోజు తేడాయే కదా అనిపించవచ్చు. కాల్పుల విరమణ ప్రకటించడం ఒక రాజకీయ నిర్ణయం, సేనలు లొంగిపోవడం ఒక సైనిక ఘటన. వాటిని కలిపేస్తే ఆ ఒక్క రోజులో హైదరాబాద్‌లో ఎవరి అధికారం నడిచిందన్న ప్రశ్నే కనుమరుగవుతుంది.

రెండోది, విమానాశ్రయంలో సర్దార్ పటేల్‌కు నిజాం చేతులు జోడించి నమస్కరిస్తున్న ఫోటో. దీన్ని లొంగుబాటు దృశ్యంగా పొరబడేవారున్నారు. ఇది 1949 ఫిబ్రవరిలో పటేల్ హైదరాబాద్ వచ్చినప్పుడు బేగంపేటలో తీసింది. సైనిక చర్య జరిగిన ఐదు నెలలకు ఒక అతిథికి పలికిన స్వాగతం అది. 1948 సెప్టెంబరు యుద్ధ ఫోటోల వరుసలో దాన్ని చేర్చకూడదు.

మూడోది, నెహ్రూ, నిజాం, చౌదరి కలిసి ఉన్న ఫోటో. దీని కింద చౌదరిని "సైన్యాధ్యక్షుడు" అని రాయడం కనిపిస్తుంది. ఆయన సైన్యాధ్యక్షుడైంది 1962లో. 1948–49లో ఆయన హైదరాబాద్ మిలిటరీ గవర్నరు. తరువాత వచ్చిన హోదాను వెనక్కి తీసుకెళ్లి అంటించడం క్యాప్షన్లలో తరచూ కనిపించే పొరపాటు. ఇలాంటిది కనబడితే ఆ క్యాప్షన్ చాలా ఏళ్ల తరువాత రాసిందని కూడా మీకు తెలుస్తుంది.

ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ. "మంచిర్యాల వద్ద భారత ట్యాంకులు, 1948 సెప్టెంబరు" అని రాసిన ఫోటో మీకు దొరికిందనుకోండి. పైన చూసిన రెండు ప్రధాన మార్గాలకూ మంచిర్యాల దూరం. కాబట్టి ఈ క్యాప్షన్‌ను వెంటనే కొట్టిపారేయనక్కరలేదు గానీ, మామూలు కంటే బలమైన ఆధారం అడగాలి. ఫోటోలో గోదావరి ఉందా? రైలు వంతెన ఉందా? వెనకనున్నది నల్దుర్గ్ కోటగోడ లాంటిదా, మన గుట్టల వరుసా? ఇవేవీ తేలకపోతే "స్థలం నిర్ధారణ కాలేదు" అని రాయాలి. అలా రాయడం ఓటమి కాదు, చరిత్రకారుడి నిజాయితీ.

అన్నిటికంటే జాగ్రత్త అవసరమైనవి మృతుల ఫోటోలు. ఆ కాలంలో రజాకార్ల దాడుల్లో చనిపోయినవారున్నారు. సైనిక చర్యలోనూ, ఆ తరువాత జరిగిన హింసలోనూ చనిపోయినవారున్నారు. సైనిక చర్య తరువాతి హింసను విచారించడానికి కేంద్రం పంపిన పండిట్ సుందర్‌లాల్ బృందం 27,000 నుంచి 40,000 మంది వరకు చనిపోయి ఉంటారని అంచనా వేసింది. వీటిలో ఏ వర్గం దుఃఖాన్నీ చరిత్ర దాచకూడదు. కానీ ఎక్కడిదో తెలియని ఒక శవాల ఫోటో కింద ఒక వర్గం పేరు రాసి పంచితే, గెటిస్‌బర్గ్‌లో జరిగినదే ఇక్కడా జరుగుతుంది. ఒకే దేహాలు ఒకరి చేతిలో ఒక వర్గం మృతులు, మరొకరి చేతిలో ఎదుటి వర్గం మృతులు అవుతాయి. గెటిస్‌బర్గ్ మీద కోపం తెచ్చుకునేవారు నేడు మన ఊళ్లో లేరు. 1948 మీద ఉన్నారు. తప్పు క్యాప్షన్ చనిపోయినవారికి అన్యాయం చేస్తుంది, బతికున్నవారి మధ్య చిచ్చు పెడుతుంది.

4.6 పేర్లు పెట్టడంలో జాగ్రత్త

ఇవో జిమా ద్వీపం మీద 1945 ఫిబ్రవరి 23న జో రోసెంతాల్ తీసిన జెండా ఫోటోను మీరు చూసే ఉంటారు. జెండా నిలబెడుతున్న ఆరుగురి పేర్లను అమెరికా నౌకాదళ సైనిక విభాగమే అధికారికంగా ప్రకటించింది. అయినా 2016లో ఒక పేరును, 2019లో మరో పేరును అదే విభాగం సరిదిద్దుకోవలసి వచ్చింది. హెల్మెట్లు, పట్టీలు, జేబుల్లాంటి చిన్న వివరాలను ఇతర ఫోటోలతో పోల్చడం వల్ల ఆ పొరపాట్లు బయటపడ్డాయి. 70 ఏళ్లపాటు ఒకరికి దక్కవలసిన గుర్తింపు మరొకరికి దక్కింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో హైదరాబాద్ లాన్సర్లు పాలస్తీనా రంగంలో ఉన్నారు. జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లతో పాటు వారు ఒకే అశ్విక బ్రిగేడ్‌లో భాగం. ఢిల్లీలోని తీన్ మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఆ మూడు సంస్థానాలకు గుర్తు. 1918 సెప్టెంబరు 23న హైఫాను పట్టుకున్న దాడి మాత్రం జోధ్‌పూర్, మైసూర్ లాన్సర్లది. భారత లాన్సర్లు హైఫా వీధిలో సాగిపోతున్న ఫోటో ప్రసిద్ధమైనది. అందులో గుర్రాలు వరుసగా నడుస్తున్నాయి కాబట్టి అది దాడి దృశ్యం కాదు, పట్టణం చేజిక్కిన తరువాతి కవాతు. మనవారి మీద అభిమానంతో ఆ ఫోటో కింద "హైఫాపై దాడి చేస్తున్న హైదరాబాద్ లాన్సర్లు" అని రాస్తే ఒకే వాక్యంలో రెండు తప్పులు చేసినట్లు. తెలంగాణ సాయుధ పోరాటం నాటి దళాల ఫోటోల విషయంలోనూ ఇంతే. తుపాకీ పట్టిన ప్రతి మహిళకూ మనకు తెలిసిన నాయకురాలి పేరు పెడితే, ఆ ఫోటోలో నిజంగా నిలబడ్డ అనామక స్త్రీ చరిత్రలోంచి రెండోసారి తొలగిపోతుంది.

4.7 నేలే మారిపోతే?

కొండలు కదలవని 4.3లో చెప్పుకున్నాం. బొగ్గు ప్రాంతంలో ఉండే మీరు ఆ మాటను కొంచెం సవరించుకోవాలి. ఇక్కడ కొండలు కూడా కదులుతాయి. ఓపెన్‌కాస్ట్ గనుల కోసం ఊళ్లు లేచిపోయాయి, చెరువులు పోయాయి. నిన్నటిదాకా చదునుగా ఉన్నచోట తవ్వి పోసిన మట్టితో ఓబీ గుట్టలు లేచాయి. శ్రీపాద ఎల్లంపల్లి జలాశయంతో గోదావరి గట్ల రూపం కూడా మారింది. ఒక పాత ఫోటో వెనకభాగంలో ఉన్న గుట్టను నేడు వెతికితే అక్కడ గుట్ట ఉండకపోవచ్చు. నేడు ఉన్న గుట్ట ఆ ఫోటో తీసిన నాటికి పుట్టి ఉండకపోవచ్చు.

అంటే, మన రెండో సాక్షి చెరిగిపోతున్నాడు. కాబట్టి ఈ ప్రాంతంలో ఫోటోల గుర్తింపు తరువాతెప్పుడో చేయదగిన పని కాదు. పాత పటాలు, సర్వే పటాలు, పాత గ్రామ సరిహద్దుల జ్ఞాపకం ఉన్న పెద్దలు ఇప్పుడే అవసరం. రిటైరైన గని కార్మికుడికి ఫోటో చూపించి "ఇదెక్కడ?" అని అడగండి. కానీ ముందే ఊరి పేరు చెప్పకండి. "ఇది మంచిర్యాలే కదా?" అని అడిగితే చాలామంది అవునంటారు. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడిగి, వారు చెప్పిన కారణాలను కూడా రాసుకోండి.

4.8 పనిచేసే క్రమం

1. క్యాప్షన్‌ను కప్పిపెట్టి, ఫోటోలో కనిపించేవి మాత్రమే జాబితా రాయండి.
2. వెనకభాగం చూడండి: కొండ, నది, కట్టడం, చెట్లు, తీగలు.
3. దిక్కు, నీడ, రుతువు అంచనా వేయండి. ఫోటో తిరగబడిందేమో చూడండి.
4. తేదీకి రెండువైపులా హద్దులు గీయండి.
5. అదే వరుసలోని ఇతర ఫోటోలతో, పత్రికలతో, స్థానికుల మాటలతో పోల్చండి.
6. ఇప్పుడు క్యాప్షన్ తెరిచి, ఏ మాట నిలిచింది, ఏది నిలవలేదు, ఏది తేలలేదు అని మూడుగా విభజించండి.
7. పాత క్యాప్షన్‌ను చెరిపేయకండి. దాని కింద మీ నిర్ణయాన్ని, తేదీతో, కారణంతో రాయండి. అది తప్పయినా, ఒకప్పుడు జనం ఏమి నమ్మారో చెప్పే ఆధారం.

4.9 సారాంశం

ఫోటో చూపించేది ఒక క్షణాన్ని. ఆ క్షణం ఎక్కడిది, ఎప్పటిది, ఎవరిది అని చెప్పేది క్యాప్షన్. గెటిస్‌బర్గ్, ఎస్పెహో, ఇవో జిమా ఉదాహరణల్లో దశాబ్దాలపాటు నమ్మిన క్యాప్షన్లు చిన్న వివరాల ముందు నిలవలేకపోయాయి. హైదరాబాద్ 1948 ఫోటోల్లో తేదీ, హోదా, సందర్భం తారుమారయ్యే అవకాశం ఎక్కువ, వాటి వల్ల కలిగే హాని కూడా ఎక్కువే. బొగ్గు ప్రాంతంలో నేలే మారుతున్నందున ఈ పని ఆలస్యం చేయకూడదు. ఆధారం ఎంతవరకు మోస్తుందో అంతవరకే రాయడం, తేలనిదాన్ని తేలలేదని చెప్పడం ఈ భాగం నేర్పే పద్ధతి.

4.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. యుద్ధ ఫోటోలో స్థలాన్ని గుర్తించే పద్ధతిని ఉదాహరణలతో వివరించండి.
2. 1948 సెప్టెంబరు నాటి ఫోటోలను చారిత్రక ఆధారాలుగా వాడటంలో తీసుకోవలసిన జాగ్రత్తలను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఫోటో వయసు, క్యాప్షన్ వయసు వేరు అనే మాటను వివరించండి.
2. బొగ్గు ప్రాంతంలో పాత ఫోటోల గుర్తింపు ఎందుకు త్వరగా జరగాలి?

III. అభ్యాసం: మీ ఊరిలో 1980కి ముందు తీసిన ఒక ఫోటోను సేకరించి, 4.8లోని ఏడు మెట్ల ప్రకారం పరిశీలించి, ఫలితాన్ని ఒక పేజీలో రాసి మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి తీసుకురండి.